అందరిదీ ఒకే రెజ్యూమే

మార్కాపురం, బుధవారం రాత్రి

విజయవాడ దాకా పోయి నవ్వులపాలై వచ్చినాం. కొత్త రాష్ట్రం, పెద్ద కంపెనీలు, ఉద్యోగాలన్నీ మనకే అన్నారని మా క్లాసంతా జాబ్ మేళాకు ఎగేసుకుని పోయినాం. ఇంటర్వ్యూ సారు నా రెజ్యూమే చూసి, కట్టలోంచి మా క్లాసువాళ్లవి ఇంకో రెండు తీసి పక్కన పెట్టినాడు. అదే ప్రాజెక్టు, అవే హాబీలు. నిరుడు ఉద్యోగమొచ్చిన సీనియర్ రెజ్యూమేలో పేర్లు మార్చి అందరం ప్రింటు తీసుకుంటిమి కదా!

"ఇందులో నీది ఏదమ్మా?" అన్నాడు.

"పేరు సార్" అన్నాను. పక్కనున్నాయన పడీ పడీ నవ్వినాడు.

ప్రతి వేసవి సెలవుల్లో అమ్మతో పోయి పలకల ఫ్యాక్టరీలో చెక్క ఫ్రేములు బిగించినాను, లారీ లోడ్లకు లెక్క రాసినాను. అది రాద్దామంటే నెట్ సెంటర్ అన్న, "కూలిపని రాస్తే ఎవరు పిలుస్తారమ్మా, తీసెయ్" అన్నాడు. తీసేసినాను. ఆయనకేం పోయింది, ప్రింటుకు డబ్బులు ముట్టినాయి. నా బుద్ధి ఏమైంది?

ఇంటికి రాగానే అమ్మ కూడు పెడతా అడిగింది: "పలకల పని చేసినావని చెప్పినావా? ఏమన్నారు?"

"మెచ్చుకున్నారమ్మా" అన్నాను.

అమ్మ ఇంకో ముద్ద వేసింది.