మా అక్కను ఈ పూటే పంపమని మనవి

మహారాజశ్రీ జయపురం ఠాణా అధికారిగారి సముఖమునకు, వెల్డింగు షెడ్డు తాతాజీ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా బావ చెవి, నా భుజము నరికిన మా అక్క భారతీదేవిని తక్షణమే ఇంటికి పంపించుట గురించి.

1. తమ లాకప్పులో ఉన్న భారతీదేవి నా తోడబుట్టిన అక్క. ఆమె భర్త లక్ష్మణుడు నాకు బావ. వారి కూతురు రామతులసి నా భార్య. మాలో మేనరికం మర్యాదైన సంబంధమని మనవి.

2. విదేశపు ఓడల కంపెనీవారు నాకు నైపుణ్య కార్మికుల తరగతిలో వలస వీసా ఇప్పించుటకు అంగీకరించిరి. భార్య కూడా రావచ్చును. ఇంటర్వ్యూలో దొరసాని, నీ భార్యను మొదట ఎప్పుడు చూశావని అడిగించింది. "పుట్టిన రోజునేనండి. మా అక్క కూతురే. ఉయ్యాల్లో వేసింది నేనే" అని గొప్పగా చెప్పుకున్నాను. ఆవిడ కలం కింద పెట్టేసింది. అక్కడ పనివాళ్ళకో తరగతి, పెట్టుబడి పెట్టే షావుకార్లకో తరగతి ఉన్నాయి గానీ, మేనమామను కట్టుకున్న పిల్లకు ఏ తరగతీ లేదట.

3. బస్టాండు దగ్గర వీసా ఏజెంటు నరేంద్ర "నేను సర్దుతాను" అని, నాకు తెలియకుండా నా భార్య తల్లి పేరు తీసేసి, రష్మి అని కొత్త కాగితాలు పుట్టించాడు. తల్లి మారితే నేను మేనమామను కానట. వాడి తెలివి తగలెయ్య! అర్జీలో ఇట్టి మాట వ్రాయరాదు, క్షమించవలెను.

4. తండ్రి లక్ష్మణుడు, తల్లి రష్మి అని ఉన్న సదరు కాగితమును నిన్న నా భార్య అందరి ముందు చదివింది. అక్క అప్పుడు కత్తిపీట మీద చేపలు కోస్తోంది. "నాను కన్న పిల్లకి రష్మెవుత్తి అమ్మ? ఎక్కడ దాసేవు దాన్ని, సెప్పు!" అంటూ కత్తిపీట ఎత్తి బావ మీద పడింది. ఎడమ చెవి సగం తెగింది. అడ్డం వెళ్ళిన నాకు కుడి భుజంలో ఎముక కనబడింది. గోడంతా నెత్తురు. కావున ఈ అర్జీ ఎడమ చేత్తో వ్రాయబడుచున్నది.

5. దెబ్బలు తిన్న మేమిద్దరమూ ఫిర్యాదు ఇవ్వము. ఆ వీసా కూడా నాకొద్దు. కన్నతల్లి పేరు కొట్టేస్తే గానీ రానివ్వని దేశంలో నేనేం వెల్డింగు చేస్తాను? అమ్మ పోయాక నన్ను సాకింది ఈ అక్కే. నాకు మా అక్క కావాలి.

తమరు దయతో చిత్తగించవలెను. రేపు కాదు, ఈ పూటే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తాతాజీ

తా.క.: అయ్యా, నరేంద్ర మా షెడ్డులోనే ఉన్నాడు. తలకు కట్టుతోనే బావ వెళ్ళి జుట్టు పట్టుకుని లాక్కొచ్చాడు. రష్మి అనే మనిషే లేదని, నోటికొచ్చిన పేరు రాశానని వాడు ఒప్పుకున్నాడు. అయినా బావ ఇనపరాడ్డు వదలడం లేదు. "ఆ మాట భారతి సెవిన పడాలి. అది ఇన్నాకే ఈడ్ని ఒగ్గుతాను" అంటున్నాడు. వాడి ముందు పళ్ళు ఇప్పటికే రాలిపోయాయి. వాడికి మాట పెగులుతుండగానే మా అక్కను పంపండి.