డ్రెస్డెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి గంట

అక్టోబర్ 8, 2022. దోహా
మా అమ్మాయి చరితకు ఇవాళ పెద్ద కీమో మొదలైంది. తొమ్మిదేళ్ళ పిల్ల. లుకేమియా పట్టిన మజ్జనంతా ముందు చంపేస్తారట. తర్వాత దాత కణాలు ఎక్కిస్తారట. ఆ కణాలు రాకపోతే? డాక్టర్‌ని అడిగాను. ఇక వెనక్కి దారి లేదన్నారు. నావీ నా భార్య మాలతివీ సరిపోలేదు. దాత జర్మనీలో ఎవరో. పేరు చెప్పరు.

అక్టోబర్ 10
స్టేడియంలో కూలింగ్ టెస్టింగ్. వరల్డ్ కప్ ఓపెనింగ్‌కి నలభై ఒక్క రోజులు. మా ఫోర్‌మన్ లింబాద్రి, నిర్మల్ జిల్లా వాడు, సంగతి వినగానే చొక్కా చెయ్యి పైకి మడిచాడు. నాది గూడ జూడుమను సారూ, మా క్యాంపుల రెండొందల మంది ఉన్నం, ఎవనిదన్న కలవదా అన్నాడు. ఇది మామూలు రక్తం కాదు లింబాద్రీ అన్నాను. అయినా చెయ్యి దించలేదు. ప్లాంట్ రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

అక్టోబర్ 13
కణాలు తెచ్చే కొరియర్ రూటు తెలిసింది. డ్రెస్డెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడి నుంచి దోహా. మొదటిది మూడొందల డెబ్బై కిలోమీటర్లు, గంట. రెండోది ఆరు గంటలు. ఆ గంట ప్రయాణం గురించి ఎందుకండీ అంత బుర్ర బద్దలుకొట్టుకుంటారు అంటుంది మాలతి. నాకు ఆ గంటే భయం. తీసిన డెబ్బై రెండు గంటల్లో ఎక్కించకపోతే కణాలు పనికిరావు. వరల్డ్ కప్ పనుల మీద వచ్చేవాళ్ళతో దోహా ఫ్లైట్లన్నీ ఫుల్. అక్కడ ఒకటి తప్పితే ఇక్కడికి ఇంకోటి ఎప్పుడు దొరుకుతుందో.

అక్టోబర్ 17
చరిత తెల్లకణాలు: సున్నా.

అక్టోబర్ 18, ఉదయం 11
డ్రెస్డెన్‌లో పొగమంచు. ఫ్లైట్ క్యాన్సిల్.

మధ్యాహ్నం 12.15
కొరియర్ రైలెక్కిందట. నాలుగున్నర గంటలు. రిటైరైన టీచరట, అరవై ఎనిమిదేళ్ళట, జీతం తీసుకోదట. కణాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. ముక్కూ మొహం తెలియని పిల్ల కోసం! పద్నాలుగేళ్ళుగా ఈ ఎడారిలో చల్లగాలి లెక్కలు వేస్తున్నాను. లెక్క తప్ప ఇంకోటి నమ్మిన పాపాన పోలేదు. ఫోన్ మ్యాప్‌లో ఆ రైలు చుక్క కదులుతుంటే చేతులు జోడించుకుని కూర్చున్నాను.

సాయంత్రం 5.40
విమానం అందుకుంది. తలుపులు మూసే ముందు.

అక్టోబర్ 19
పొద్దున ఎక్కించారు. చిన్న సంచి. టీ గ్లాసుడంత ఎరుపు. స్టేడియంలో మేం వేసిన పైపులో ఒక్క అడుగు కూడా నిండదు. దాని కోసం ఒక దేశంలో ఎవరో పడక మీద పడుకున్నారు, ఇంకెవరో రైలెక్కారు, విమానమెక్కారు. ఇంత మంచి లోకంలో ఉన్నానని నాకు ఎవరూ చెప్పలేదు.

లిఫ్ట్ దగ్గర ఖాళీ పెట్టెతో తెల్లజుట్టు ఆవిడ కనిపించింది. కొరియర్‌తో మాట్లాడకూడదన్న నియమం తెలుసు. డ్రెస్డెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి ఎంతసేపు పట్టిందండీ అని అడిగాను. తెలియదంది. దారంతా పెట్టె థర్మామీటరే చూశానంది, గడియారం చూడలేదంది. కాళ్ళకు దణ్ణం పెట్టబోయాను. కంగారుపడి తనూ వంగింది.

నవంబర్ 6
కణాలు కుదురుకున్నాయి. లింబాద్రికి చెప్పాను. ఎవరికి మొక్కాలె సారూ అని అడిగాడు. 

నవంబర్ 18
రిపోర్టు వచ్చింది. చరిత రక్తంలో మాలతిదీ నాదీ ఒక్క కణం లేదు. అన్నీ ఆ దాతవే, ఒక మగవాడివి. ఎవరి బిడ్డవు నాయనా నువ్వు?