సాకెట్ కలిస్తే చాలదు

మార్చి 3, సోమవారం
కంప్యూటర్‌కి కొన్న కొత్త ప్రాసెసర్ మదర్‌బోర్డు సాకెట్‌లో చక్కగా కూర్చుంది. కానీ బయాస్ సెట్టింగుల్లో స్పీడ్ పెంచే ఆప్షన్ లేదు. మూడుసార్లు వెతికాను. నేను చేస్తున్న ఆసుపత్రి భవనం త్రీడీ వీడియో రెండర్ అయి తయారవడానికి ఈ స్పీడ్‌లో ఇరవై గంటలు. ఆర్కిటెక్ట్ చివరి మార్పులు గురువారం సాయంత్రం ఇస్తాడట. వీడియో మాత్రం శుక్రవారం మధ్యాహ్నానికల్లా కావాలట.

మార్చి 4, ఉదయం
బోర్డు అమ్మినతనికి ఫోన్ చేశాను. సాకెట్ కలిసింది కదా మేడమ్, ఇంకేం కావాలి అన్నాడు. ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్‌దే, స్పీడ్ పెంచుకోవచ్చు. బోర్డు చిప్‌సెట్ దానికి ఒప్పుకోదు. కళ్లుండీ చూసుకోలేదు.

అన్నని అడిగి కొనాల్సింది. కంప్యూటర్లు బిగించడం నేర్చుకున్నదే తన దుకాణంలో. రెండేళ్ల క్రితం ఉన్నట్టుండి రేపట్నుంచి రావద్దన్నాడు. ఎందుకంటే చెప్పలేదు. అప్పట్నుంచి మాటల్లేవు.

సాయంత్రం
వదినకి చెప్పాను. మీ పంతాలు మీరు చూసుకోండి, మధ్యలో బోర్డేం పాపం చేసింది, పట్టుకుని రా అంది.

మార్చి 5
వెళ్లలేదు.

మార్చి 6, గురువారం
వెళ్లాను. అన్న నా మొహం చూడలేదు, బోర్డు చూశాడు. దీనికి వేడి లాగే హీట్‌సింక్ కూడా సరిగ్గా లేదే, స్పీడ్ పెంచితే ముందు ఈ బోర్డే మాడిపోతుంది అన్నాడు. పై అరలోంచి వేరే బోర్డు దింపమన్నాడు. ప్రాసెసర్ నన్నే పెట్టమన్నాడు. నీ చెయ్యి అలవాటున్న చెయ్యి, నువ్వే పెట్టు అన్నాను. రెండు చేతులూ బల్ల మీద పరిచాడు. వణుకుతున్నాయి.

నన్ను రావద్దన్న వారమే ఒక కస్టమర్ తెచ్చిన బోర్డు పిన్నులు ఆ వణుకుతో తనే వంచేశాడట. నీ ముందు అలా జరిగితే తట్టుకోలేననిపించింది అన్నాడు. వదినకి మొదట్నుంచీ తెలుసు.

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ప్రాసెసర్ మూల గుర్తూ సాకెట్ గుర్తూ సరిచూసి పెట్టాను. ఊపిరి బిగబట్టింది మాత్రం అన్నే.

మార్చి 7, శుక్రవారం
నిన్న సాయంత్రం స్పీడ్ పెంచి చూస్తే 5.1 గిగాహెర్ట్జ్ దగ్గర మెషిన్ రెండుసార్లు ఆగిపోయింది. వోల్టేజ్ పెంచనా అని ఫోన్‌లో అడిగాను. అత్యాశకి పోకు, 5 చాలు అన్నాడు అన్న. 5 నిలబడింది. రాత్రంతా రెండర్ నడిచింది, టెంపరేచర్ ఎనభై రెండు డిగ్రీలు. పదకొండున్నరకి వీడియో పంపించాను.

మార్చి 10, సోమవారం
తొమ్మిదికి దుకాణం తీశాం. అన్న చెబుతున్నాడు, నేను బిగిస్తున్నాను. పది కాకుండానే పోట్లాడుకున్నాం.