పేరు పిలిస్తే వెలిగే లాకెట్

బెంటన్‌విల్

చి.ల.సౌ. లలితకు,

ఫోన్లో మాట్లాడదామంటే అక్కడ స్పందన స్పీకర్ పెడుతుంది, ఇక్కడ ఫణి స్పీకర్ పెడతాడు. మన మాటలు మనకి తప్ప అందరికీ వినపడతాయి. తపాలా ఆఫీసులో జుట్టు నెరిసినవాణ్ణి, నాకు కవరే హాయి.

నువ్వు కూతురి పురిటికని నేపర్‌విల్ వెళ్ళావు. నేను కొడుకింట్లో హాసినిని స్కూల్ బస్ ఎక్కించే ఉద్యోగంలో కుదిరాను. పెళ్ళిరోజుకి చెరో ఊళ్ళో ఉండటం ఇదే మొదలు. అందుకని ఈ లాకెట్ పంపుతున్నాను. రూపాయి బిళ్ళంత ఉన్నా లోపల చిన్న టీవీ ఉంది. నువ్వు ఎవరి పేరు చెప్తే వాళ్ళ ఫొటో వెలుగుతుంది. వేరేవాళ్ళు ఎంత అరిచినా పలకదు. నువ్వు ఫోన్లో మాట్లాడేటప్పుడు రికార్డు చేసి, ఫణి దానికి నీ గొంతు నేర్పాడు. రోజూ ఛార్జింగ్ పెట్టాలట. నగకి కూడా మేత వేయాల్సిన రోజులొచ్చాయి.

మెడలో వేసుకుని ఎలా ఉందో రాయి.

నీ
భాస్కరరావు

నేపర్‌విల్

శ్రీవారికి,

నమస్కారాలు. లాకెట్ నల్లపూసల గొలుసుకి వేసుకున్నాను. స్పందన "అమ్మా, సూపర్ ఉంది, నాకెవ్వరూ ఇలాంటివి కొనరు" అంటూ శశికాంత్ వైపు చూసింది. పాపం, అల్లుడు ఫోన్లో తల దాచుకున్నాడు.

"ఫణీ" అన్నాను, ఫణి వచ్చాడు. "హాసినీ" అంటే ముందు పళ్ళు ఊడిన నవ్వుతో అది వచ్చింది. ఉయ్యాల్లో ఉన్న పసిదానికి ఇంకా పేరు పెట్టలేదు కనుక దాన్ని మామూలుగానే చూసుకుంటున్నాను.

అంతా బాగుంది కానీ, పెళ్ళికొడుకు లేని పెళ్ళిలా మీ ఫొటో ఒక్కటే లేదు. "హాసిని తాతయ్య" అంటే మళ్ళీ హాసినే వచ్చింది, "ఫణి వాళ్ళ నాన్నగారు" అంటే మళ్ళీ ఫణే వచ్చాడు. "ఏవండీ" అని కూడా పిలిచాను. ఉలకదు, పలకదు. అందరి ఫొటోలూ పెట్టించి మిమ్మల్ని మీరే మర్చిపోయారా? ఎప్పుడూ ఇంతే మీరు. మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నారా?

మీ
లలిత

బెంటన్‌విల్

చి.ల.సౌ. లలితకు,

మర్చిపోవడమా! అందరికంటే ముందు నా ఫొటోయే పెట్టించాను. పేరు చెప్తే వస్తాను. తాతయ్య, నాన్నగారు, ఏవండీ, ఇవన్నీ నా పేర్లా? మా అమ్మానాన్నలు ఏరికోరి పెట్టిన పేరు ఒకటుంది. ఒక్కసారి అని చూడు.

ఇక్కడ చలి ముదిరింది. ఫణి కోటు నాకు మోకాళ్ళ దాకా వస్తోంది. కోడలు ఇంద్రజ "మామయ్యగారూ, మీరు అచ్చం స్నోమ్యాన్‌లా ఉన్నారు" అంది. కోటులో మోకాళ్ళు వెచ్చగానే ఉన్నాయి కనుక నూనె మానేశాను.

నీ
భాస్కరరావు

నేపర్‌విల్

శ్రీవారికి,

నూనె మానేయడం ఏమిటి? మొదలుపెట్టండి. ఇక మీ మూలంగా నాకు జరిగిన మర్యాద వినండి.

భర్త పేరు నోటితో పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని మా అమ్మ నా చిన్నప్పుడే చెప్పింది. స్పందన "అమ్మా, జస్ట్ ఒక్కసారి చెప్పు, ఏం కాదు" అంటుంది. దానికేం, మొగుణ్ణి "శశీ" అని మేడ మీద నుంచి కేకేసే పిల్ల. చివరికి శశికాంత్ జాలిపడి "నేను సెట్టింగ్స్ చేంజ్ చేస్తానత్తయ్యా" అని, మీ ఫొటోకి "ఏవండీ" అని పేరు పెట్టాడు. అనగానే మీరు వచ్చారు! ఫణి కోటు, మంకీ క్యాప్, చెవుల దాకా నవ్వు. ఆ పూటంతా మీతోనే ఉన్నట్టుంది.

మర్నాడు బారసాల. పసిదానికి మైత్రి అని పేరు పెట్టాం. "ఏవండీ పంతులుగారూ, కొబ్బరికాయ ఇదిగో" అన్నాను. నా మెడలో మీరు వెలిగారు. పంతులుగారు మంత్రం ఆపి మిమ్మల్ని చూశారు. పక్కవీధి జ్ఞానప్రసూనగారి భర్తని "ఏవండీ, భోజనానికి లేవండి" అన్నాను. మళ్ళీ మీరే! ఆవిడ పడీ పడీ నవ్వుతూ, "ఇదేంటి లలితగారూ, మీరు మా ఆయన్ని పిలిస్తే మీ ఆయన పలుకుతున్నారు!" అంది. హాలంతా ఒకటే నవ్వులు. సిగ్గుతో చచ్చిపోయాను.

అందరికీ పలికే మనిషి నాకక్కర్లేదని ఆ సాయంత్రమే పాత పేరు మళ్ళీ పెట్టించాను. దాంతో మీరు మళ్ళీ మాయం. వీడియో కాల్‌లో చూద్దామంటే మీరెప్పుడూ మీ నుదురూ, పైన ఫ్యానూ చూపిస్తారు. నిజం చెప్పనా? నాకు మీ మొహం చూడాలని ఉంది. అల్లుణ్ణి ఇంకోసారి అడగలేను, ఫణితో చెప్పి ఆ పేరు తీయించి ఇంకేదైనా పెట్టించండి.

మీ
లలిత

బెంటన్‌విల్

ప్రియమైన లలితా,

తీయిస్తాను. కానీ ముందు ఒక మాట.

ఆ పేరు ఫణి తోచక పెట్టింది కాదు, నేనే అడిగి పెట్టించుకున్నాను. మన పెళ్ళయ్యాక మా ఇంటి గుమ్మంలో అడుగుపెట్టబోతుంటే, మా అక్క తలుపుకి అడ్డంగా నిలబడి "మీ ఆయన పేరు చెప్తేనే లోపలికి" అంది, గుర్తుందా? నువ్వు తల దించుకుని చెప్పావు. సరిగ్గా అప్పుడే వెనక బాజావాళ్ళు ఊదరగొట్టారు. పక్కనే ఉన్నా నాకు వినపడలేదు. అక్క విన్నది, పిన్ని విన్నది, తలుపు చాటు పిల్లలు కూడా విన్నారు. నేనొక్కణ్ణే వినలేదు.

ఆ తర్వాత నువ్వు మళ్ళీ అనలేదు. ఈ వయసులో నోరు తెరిచి అడగాలంటే సిగ్గేసి లాకెట్‌ని అడ్డం పెట్టుకున్నాను. నీకు భయమైతే వద్దులే. వచ్చే శనివారం ఫణి ఇక్కడి నుంచే "తాతయ్య" అని మార్చేస్తాడు. మైత్రి అన్నప్రాసనకి ఎలాగూ నేనే వస్తున్నానుగా.

నీ
భాస్కరరావు

నేపర్‌విల్

శ్రీవారికి,

పేరు మార్చొద్దని ఫణికి చెప్పండి.

ముందు ఈ కవరు చూడండి. తపాలా మనిషి కదా, దస్తూరి గుర్తుపట్టే ఉంటారు. ఇన్నాళ్ళూ పైన మీ పేరు స్పందన రాసేది. ఈసారి నేనే రాశాను.

మీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను. పేరు పలికితే ఆయుష్షు తరుగుతుందంటారే, ఆ రోజు గుమ్మంలో పలికాను కదా! ఏమైంది? నా వంట తిని, నా సాధింపులు భరించి, ఇన్నేళ్ళుగా గుండ్రాయిలా ఉన్నారు. అమ్మ మంచికే చెప్పింది కానీ, లెక్క ఎక్కడో తప్పింది.

వంటింటి పక్కన సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. బియ్యం బస్తా మీద కూర్చుని మెల్లిగా అన్నాను. లాకెట్‌కి వినపడలేదు. గొంతు సవరించుకుని గట్టిగా అన్నాను. మంకీ క్యాప్‌తో మీరు వచ్చేశారు. ఎందుకో ఏడుపొచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది. బయటి నుంచి స్పందన "అమ్మా, ఆర్ యూ ఓకే?" అంది. కందిపప్పు వెతుకుతున్నానని చెప్పాను.

మీరు వినలేదనే గదా మీ బాధ. అన్నప్రాసనకి వచ్చినప్పుడు కారు దిగి తిన్నగా లోపలికి రాకండి. గుమ్మం బయట నిలబడి బెల్ కొట్టండి. ఎవరొచ్చారని లోపలి నుంచి అల్లుడు అడుగుతాడు. తలుపుకి అడ్డంగా నేనే నిలబడి, మీ మొహం చూస్తూ, భాస్కరరావుగారు వచ్చారని చెప్తాను.

ఈ వీధిలో బాజాలు లేవు.

మీ
లలిత