వీపుకి అందని చెయ్యి

ఫిబ్రవరి 3, శనివారం

ఇవాళ అయిన పనులు: దుప్పట్లు ఉతికి, వాన రాకముందే ఆరబెట్టి తీశాను. ఫ్రిజ్ ఖాళీ చేసి తుడిచాను. పెరట్లో రాలిన మామిడికాయలన్నీ తరిగి చట్నీ వండి సీసాలకెత్తాను. చూరు గొట్టంలో ఆకులు తీయించాలి. అది కాలేదు.

నరెల్ చెల్లీ,

ఫోనులో అయితే నన్ను సగం మాట కూడా పూర్తి చెయ్యనివ్వవు. పైగా మీ కార్నార్వన్‌లో గాలి వీస్తే లైను పోతుంది. అందుకని ఎప్పటిలాగే మన పాత పద్ధతిలో రాస్తున్నాను.

మా ఊరు ఇప్పుడు రెండు ముక్కలైంది. కారణం వింటే నవ్వుతావు. పార్కుల్లో సన్‌స్క్రీన్ ఉచితంగా పెట్టాలని కౌన్సిల్ వాళ్ళు అనుకుంటున్నారు. కొత్తగా గెలిచిన బ్రోన్విన్ అనే కౌన్సిలర్ తెచ్చిన ఆలోచన ఇది. ప్రయోగంగా నది ఒడ్డు పార్కులో మరుగుదొడ్ల గోడకి ఒక పెద్ద పంపు సీసా బిగించారు. నొక్కితే చాలు, చేతిలో పడుతుంది. వచ్చే నెల సమావేశంలో చేతులెత్తి తేలుస్తారు.

నేను వద్దనే వాళ్ళ వైపు ఉన్నాను. సన్‌స్క్రీన్ కొనుక్కోలేనంత పేదవాళ్ళు పార్కుకి ఐస్ పెట్టె నిండా బీరు తెచ్చుకోగలరా? ఎవరి చర్మం వాళ్ళు చూసుకోవాలి. మన అమ్మ మనకి సీసా కొనిపెట్టలేదూ? కొన్నది కొబ్బరినూనె అనుకో, అది వేరే సంగతి.

వద్దనే వాళ్ళకి నాయకుడు మెర్విన్. పక్కవీధిలో ఉంటాడు, రైల్వేలో చేసి దిగిపోయాడు. భార్య పోయి చాలా కాలమైంది. కౌన్సిల్ ఏం చేసినా వద్దంటాడు, కిందటేడు బాతుల చెరువు కూడా వద్దన్నాడు. లెక్కలు చూడటానికి ఇల్లు నడిపే మనిషి కావాలని నన్ను పిలిచాడు. అప్పటినుంచి ప్రతి మంగళవారం అందరూ మా వంటింట్లోనే కూర్చుంటున్నారు. నీకొక్కదానికే చెబుతున్నాను, నన్ను ఇందులోకి లాగింది పన్ను డబ్బు కాదేమో. మంచి కప్పులు మళ్ళీ బయటికి తీశాను. అందరూ వెళ్ళాక సింకులో అన్ని కప్పులు చూసి, కడగడం కాసేపు వాయిదా వేస్తున్నాను.

రేపు పార్కులో బల్ల వేసి అర్జీ మీద సంతకాలు పెట్టిస్తాం. మీ బావ గార్త్ నిన్ను అడిగానని చెప్పమన్నాడు.

నీ అక్క,
రేలీన్


ఫిబ్రవరి 20, మంగళవారం

ఇవాళ అయిన పనులు: ఒక చొక్కా ఇస్త్రీ చేశాను. చెయ్యి పైకెత్తకూడదన్నారు కాబట్టి అంతే.

నరెల్,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

ఆ ఆదివారం మేం వెళ్ళేసరికి నీడలో ఉన్న బల్లలన్నీ ఎవరిదో పుట్టినరోజు వాళ్ళు పట్టేశారు. సరేలే, మబ్బుగా ఉందిగా అని మెర్విన్, నేను నడకదారి పక్కన ఆరుబయట మడతబల్ల వేశాం. గాలికి కాగితాలు లేస్తున్నాయి. బరువుగా పెట్టడానికి ఇంకేమీ కనబడక ఇద్దరం టోపీలు తీసి అర్జీల మీద పెట్టాం. మబ్బు పట్టిన రోజు కూడా ఒళ్ళు కాలుతుందని ఈ రాష్ట్రంలో బడిపిల్లలకి కూడా తెలుసు. టోపీ లేని పిల్లని ఆటకే రానివ్వరు. ముసలి వయసుకి దగ్గరపడ్డ మేమిద్దరం మాత్రం సన్‌స్క్రీన్ వద్దనే కాగితాల మీద టోపీలు పెట్టి, ఒట్టి తలలతో పొద్దంతా కూర్చున్నాం. కొక్కిరాయి ఒకటి మా బల్ల చుట్టూ తిరుగుతూ సాండ్‌విచ్ కోసం చూస్తోంది. సంతకం పెట్టడానికి వచ్చిన ఒకావిడ మెర్విన్ నెత్తి చూసి, ఉడికిన రొయ్యలా ఉన్నావయ్యా అంది.

ఆవిడ వెళ్ళాక అతను లేచి, కాళ్ళు పట్టేశాయని మరుగుదొడ్ల వైపు వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు గుప్పిలి మూసుకుని ఉన్నాడు. బల్ల వెనక్కి వచ్చి విప్పితే అరచేతి నిండా తెల్లగా, కౌన్సిల్ వారి సన్‌స్క్రీన్.

“ఎవరూ చూడట్లేదు కదా అమ్మాయ్?” అన్నాడు.

నవ్వాపుకోలేకపోయాను నరెల్. ఎన్నాళ్ళయిందో అలా నవ్వి. అతను నెత్తికి పూసుకున్నాడు, నాకు ముక్కుకీ చేతులకీ సరిపోయింది. నేను వేసుకున్నది వెనక బాగా దిగిన పూలగౌను. వీపు కూడా ఎర్రబడింది తిరుగు అన్నాడు. వద్దని అనబోయాను. అప్పటికే చెయ్యి వేశాడు. తోటపని చేసే చెయ్యి, గరుకుగా ఉంది. ఒక మనిషి చెయ్యి నా వీపుకి తగిలి ఎంతకాలమైందో ఆ క్షణంలో తెలిసింది. కొక్కిరాయి వైపే చూస్తూ కూర్చున్నాను, ముఖం అతనికి కనబడకుండా.

భుజం ఎముక కింద అతని చెయ్యి ఆగిపోయింది.

“ఇది ఎప్పట్నించి ఉంది?”

“ఏది?” అన్నాను.

వేలితో దాని చుట్టూ తడిమి చూశాడు. తర్వాత, “రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నావు. కారు నేను తీస్తాను,” అన్నాడు. టోపీ తీసి నా తలమీద పెట్టాడు. కింద ఉన్న అర్జీలు గాలికి గడ్డిలోకి పోయాయి, ఇద్దరం పట్టుకోవడానికి లేవలేదు.

డాక్టరమ్మ దాన్ని భూతద్దంతో చూసి, ఆ వారంలోనే కోసి పరీక్షకి పంపింది. చర్మ కాన్సర్. మెలనోమా. ఇంకా పైపైనే ఉందట. నిన్న చుట్టూ ఇంకాస్త వెడల్పుగా కోసి కుట్లు వేశారు. అంచుల్లో ఏమైనా మిగిలిందా అన్నది తేలాలి. భయపడకు. అంటే, నేను భయపడినంత భయపడకు.

కానీ ఈ ఉత్తరం రాయించింది కాన్సర్ కాదు. కట్టు కడుతూ నర్సు మామూలుగా ఒక మాట అడిగింది, అందరినీ అడిగే మాటే: “ఇంట్లో మీ వీపు ఎవరు చూస్తుంటారు?” కుట్టు ఎర్రబడిందా, చీము పట్టిందా అని రోజూ ఎవరైనా చూడాలట. నేను నోరు తెరిచాను. గార్త్ అందామనుకున్నాను. నీకు రాయడం అలవాటై నోటికి వచ్చేసింది. ఆ మాట బయటికి రాలేదు. ఎవరూ లేరు అన్నాను. అయితే రోజు విడిచి రోజు ఇక్కడికే రండి అంది, జాలిపడకుండా. అందుకు ఆవిడకి చచ్చేదాకా కృతజ్ఞురాలిని.

గార్త్ కిందటి చలికాలంలోనే, జూలైలో, వెళ్ళిపోయాడు నరెల్. పడవలు బాగుచేసే షాపులో కౌంటరు దగ్గర కూర్చునే ఆవిడతో, తీరంలో ఇల్లు తీసుకున్నాడు. గొడవేం పడలేదు. పడవ తీసుకెళ్ళాడు, మంచి ఐస్ పెట్టె తీసుకెళ్ళాడు. నాకు చెబుతున్నప్పుడు నేను బఠాణీలు వలుస్తున్నాను, అతను వెళ్ళాక కూడా వలుస్తూనే ఉన్నాను. ఊరందరికీ తెలుసు. నీకు మాత్రం చెప్పలేకపోయాను. నువ్వొక్కదానివే నన్ను ఇంకా పెళ్ళైన మనిషిగా అనుకుంటున్నావు, అది కూడా ఎందుకు పోగొట్టుకోవాలనిపించింది.

పెళ్ళైన కొత్తల్నించీ సముద్రానికి వెళ్తే నా వీపుకి సన్‌స్క్రీన్ పట్టించేది అతనే. కంచెకి రంగేసినట్టు వేసేవాడు, సగం గౌనుకే అంటుకునేది. ప్రతిసారీ తిట్టేదాన్ని. అతను వెళ్ళిపోయాక మళ్ళీ సముద్రానికి వెళ్ళలేదు. ముందు భాగమంతా నేనే పూసుకుంటాను. వెనక్కి చెయ్యి ఎంత తిప్పినా నడుమ ఒక జాగా మిగిలిపోతుంది. సరిగ్గా అక్కడే వచ్చింది అది.

రేలీన్


మార్చి 17, ఆదివారం

ఇవాళ అయిన పనులు: చూరు గొట్టంలో ఆకులు తీయించాను. పక్కబట్టలు మార్చాను. పార్కుకి వెళ్ళాను. సంగతి కింద ఉంది.

నరెల్ చెల్లీ,

నీ జవాబు చదివి బిగ్గరగా నవ్వి, కుట్లు లాగి, ఏడ్చాను. “అక్కా, గార్త్ జన్మలో ఎవరినీ అడిగిన మనిషి కాదు. అడిగాడని నువ్వు రాసిన మొదటి ఉత్తరంతోనే నాకు అనుమానం వచ్చింది. నువ్వు చెప్పేదాకా ఆగాను.” ఆ మాటలు ఇప్పటికి ఎన్నిసార్లు చదివానో. నువ్వు ఆగిన ఆ నెలలన్నీ నేను ఒంటరిగా ఉన్నాననుకున్నాను చూడు.

అంచులు శుభ్రంగా ఉన్నాయి. ఇంకేమీ మిగల్లేదు. మూడు నెలలకోసారి చూపించుకోవాలి.

ఇక సమావేశం. మా వైపు నుంచి లెక్కలు చదవాల్సింది నేనే. హాలు కిక్కిరిసింది. పిల్లలు జారుడుబల్లకి పూసి ఆడతారని ఒకరు, ఒళ్ళు దద్దుర్లొస్తే కౌన్సిల్ మీద దావా వేస్తారని ఒకరు. ఉచితంగా బీరు కూడా పెట్టండి, దానికి నేను ఓటేస్తానని వెనకనుంచి ఒకడు. బ్రోన్విన్ పాపం చిన్నపిల్ల. కాలిన ఒళ్ళ గురించీ ఆసుపత్రి ఖర్చు గురించీ చదువుతోంది, ఎవరూ వినట్లేదు.

నా వంతు వచ్చింది. లెక్కలు చదివాను. అవి తప్పు కాదు, ఇప్పటికీ తప్పు కాదు. చదివి కాగితం మడిచి, కూర్చోకుండా నిలబడ్డాను. మెర్విన్ కింద నుంచి గౌను లాగాడు.

“సీసా మీరు మరుగుదొడ్ల గోడకి పెట్టారు,” అన్నాను. “అక్కడికి ఎవరైనా ఒక్కరే వెళ్తారు. ముక్కు, చేతులు రాసుకుని వచ్చేస్తారు. వీపు మిగిలిపోతుంది. ఇంట్లో రాసేవాళ్ళున్న మనిషికి మీ సీసా అక్కర్లేదు, కొనుక్కుంటాడు. రాసేవాళ్ళు లేని మనిషికి గోడమీద సీసా ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పెట్టదలుచుకుంటే మాంసం కాల్చుకునే బల్లల దగ్గర పెట్టండి. అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. కాస్త రాయమని అడగొచ్చు.”

అడిగితే ముక్కూమొహం తెలియని వాళ్ళు రాస్తారంటారా అని ఒక కౌన్సిలర్ నవ్వుతూ అన్నాడు.

“నన్నడగండి, రాస్తాను,” అన్నాను. కొందరు నవ్వారు. వెనక వరసల్లో కొందరు నవ్వలేదు. వాళ్ళ ముఖాలు చూశాను. వాళ్ళెవరో నాకు తెలియదు, కానీ వాళ్ళింట్లో ఎన్ని కప్పులు వాడకంలో ఉంటాయో చెప్పగలను.

ఒకే ఒక్క ఓటు తేడాతో నెగ్గింది, బల్లల దగ్గర అనే షరతుతో.

బయట కారు దగ్గర మెర్విన్ నాతో, నా పక్కన కూర్చుని సంతకాలు పెట్టించిన మనిషివే నువ్వు, నిలువునా ముంచావు అన్నాడు. నీ వీపు వేరు, జనం డబ్బు వేరు అన్నాడు. అతను అన్నదాంట్లోనూ తప్పులేదు. నేను నడిచి ఇంటికొచ్చాను. ఆ తర్వాత రెండు మంగళవారాలు ఎవరూ రాలేదు. కప్పులు కడిగినవి కడిగినట్టే బీరువాలో ఉన్నాయి. అన్నమాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉండటం నాకు కొత్త కాదు. ఈసారి దానికి కారణం నేను, అది మాత్రం కొత్త.

ఇవాళ పార్కుకి వెళ్ళాను. సీసా కొత్త స్తంభానికి, బల్లల పక్కనే ఉంది. రాస్తానని అందరిముందూ అన్నాను కదా, రొట్టె కట్టుకుని ఒక బల్ల దగ్గర కూర్చున్నాను. కుటుంబాలు వచ్చాయి, ఒకరికొకరు పూసుకున్నారు. నా అవసరం ఎవరికీ రాలేదు. తెలివితక్కువ పని చేశాననుకుని లేవబోతుంటే, నడకదారి మీద మెర్విన్ కనబడ్డాడు, పచ్చికమీద బంతులు దొర్లించే బౌల్స్ ఆట ఆడి, ఆ తెల్లబట్టల్లోనే వస్తున్నాడు. నన్ను చూడనట్టు తిన్నగా స్తంభం దగ్గరికి వెళ్ళాడు.

“ఇది నాకు నచ్చి కాదు,” అన్నాడు సీసాతో మాట్లాడుతున్నట్టు. “పన్ను కట్టాను కాబట్టి వాడుకుంటున్నాను.”

చొక్కా విప్పి, నాకు వీపు పెట్టి బల్లమీద కూర్చున్నాడు. ముసలి వీపు, మచ్చలమయం. పంపు నొక్కి మెడనుంచి మొదలుపెట్టాను. తొందరపడలేదు. ప్రతి మచ్చ దగ్గరా ఆగి, అతన్ని ఎండకి తిప్పి చూశాను. అతను ఊపిరి బిగబట్టి ఉన్నాడని చేతికి తెలుస్తోంది. అప్పుడర్థమైంది నరెల్, అతని వీపు కూడా భార్య పోయిన దగ్గరనుంచి ఎవరూ చూడలేదు. ఇన్నాళ్ళూ అడగడం రాక కౌన్సిల్‌తో పోట్లాడాడు.

“ఏమైనా ఉందా?” అన్నాడు చివరికి.

“నీ పొగరు తప్ప ఏం లేదు.”

చొక్కా వేసుకున్నాడు. మంగళవారం టీకి వస్తానని అనలేదు, నేను రమ్మని అనలేదు. బాతుల చెరువు మాత్రం అనవసరమే అని గొణుగుతూ వెళ్ళిపోయాడు. నేను రొట్టె తిని, ఒక్కదాన్నే ఇంటికొచ్చాను.

నీ దగ్గరికొచ్చి ఉండిపొమ్మని రాశావు. చలికాలంలో వస్తాను, కొన్నాళ్ళు ఉంటాను, తిరిగొస్తాను. ఇక్కడ మూడు నెలలకోసారి నర్సు అదే ప్రశ్న వేస్తుంది. ఈసారి ఏం చెప్పాలో ఆలోచించుకోవాలి.

మెర్విన్‌కి ఒక వీపు బాకీ ఉన్నాను. ఇవాళ్టితో చెల్లు.

నీ అక్క,
రేలీన్