బొట్టు పెట్టిన చక్రం

తిరుపతి,
9-10-1983.

చిరంజీవి మునికృష్ణకు అన్న మునిరత్నం ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేనూ చెంగమ్మ పిన్నీ బాగానే ఉన్నాము. పూణేలో నీకు ఒంట్లో బాగుందని, వేళకు అన్నం దొరుకుతోందని నీ జాబు చూసి స్థిమితపడ్డాను.

అడిగినవాటికి వరసగా జవాబు. పిన్ని కంటికి ఆపరేషన్ అయింది. ఇప్పుడు నా చొక్కా మీద గ్రీజు మరకలన్నీ కనిపిస్తున్నాయి, కాబట్టి తిట్లు ఎక్కువయ్యాయి. నా మోకాలు అట్లాగే ఉంది. మన హెరాల్డ్ కారును అమ్మలేదు. రేసు కోసం వేసిన అల్లాయ్ చక్రాలు తీసేసి పాత ఇనుప చక్రాలే బిగించాను. స్టీరింగు పూర్తిగా తిప్పితే వెడల్పు టైర్లు లోపల రాసుకుంటున్నాయని మనిద్దరం మూడు రోజులు కుస్తీ పట్టాము కదా, ఆ బాధ ఇప్పుడు లేదు. సన్నటి టైర్లతో ఆ కారు, గుండు కొట్టించుకుని కొండ దిగిన మనిషిలా ఉంది.

మొన్న దాని బానెట్ ఎత్తుతూ "ఒరే, ఆ పక్క పట్టుకోరా" అన్నాను. ఎవరూ పలకలేదు. నువ్వు పూణే పోయి ఏడు నెలలైందని అప్పుడు గుర్తొచ్చింది. కర్ర ఆన్చి పని కానిచ్చాను. పిన్ని ఇప్పటికీ మధ్యాహ్నం క్యారియర్‌లో ఇద్దరికి సరిపడా సర్దుతుంది. వద్దని చెప్పడానికి నాకు నోరు రాదు. మన రిపేరు షెడ్డులో ఒక్కడినే కూర్చుని సగం తిని, మిగతాదానికి మూత పెట్టేస్తాను.

పక్కనే టైర్లు అమ్మే రాజారత్నం అప్పుడప్పుడు వచ్చి, "నీ తమ్ముడు ఎప్పుడొస్తాడప్పా? ఆడ అంత పనేముండాది?" అని అడుగుతాడు. సెలవు దొరకలేదంటాను.

ఇక నీ చివరి ప్రశ్న. "షోళవరం రేసులో ఆ మలుపు దగ్గర నేనేం తప్పు చేశానన్నా? ఇంకాస్త ముందే బ్రేకు వేసి ఉండాల్సిందా? రోజూ అదే ఆలోచన. పక్క గది ఆయన స్కూటరిస్తానన్నా ఎక్కబుద్ధి కావడం లేదు" అని రాశావు. ఆ జాబు వారం రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను.

నువ్వేం తప్పు చేయలేదురా. తప్పు నాది.

మద్రాసులో ఆ అల్లాయ్ చక్రాలు అమ్మిన పెద్దాయన నాకొక మాట చెప్పాడు. "ఇది ఇనుము కాదయ్యా, మెత్తటి లోహం. ఇరవై మైళ్ళు నడిచినాక నట్లు వదులైతాయి. ఆగి ఇంకోసారి బిగించాల" అన్నాడు. రేసుకు బయల్దేరిన పొద్దున గంగమ్మ గుడి ముందు నాలుగు చక్రాలకూ పసుపు పూసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించాము. పుత్తూరులో టీకి ఆగాము. నువ్వు టీ తాగుతుంటే నేను స్పానర్ పట్టుకుని ముందు చక్రం దగ్గర కూర్చున్నాను. చనిపోయిన మన అమ్మ మాట అడ్డొచ్చింది. "బొట్టు పెట్టిన సక్రానికి మళ్ళా ఇల్లు సేరేదాకా ఇనుము తగలకూడదు నాయనా" అనేది కదా. ఎద్దులబండి నాటి కట్టుబాటు అది. కుంకుమ చెరిపితే నీకేమన్నా అవుతుందని భయమేసింది. స్పానర్ డిక్కీలో పెట్టేశాను.

మలుపులో ఊడిపోయింది ఆ చక్రమే. అంత వేగంగా పోతే ఊడదా అని జనం అన్నారు. నేను కాదనలేదు. చెయ్యి విరిగిన నిన్ను వాళ్ళు ఎత్తుకుపోతుంటే నేను వెంట రాలేదు. కారు దగ్గరే ఉండి మిగతా మూడు చక్రాల నట్లు పట్టి చూశాను. వేళ్ళకే తిరిగాయి. ఎవరూ చూడకముందు, చక్రానికి నాలుగు చొప్పున పన్నెండు నట్లూ బిగించేశాను.

ఆ తర్వాత పుత్తూరులో ఎముకల వైద్యుడి దగ్గర కట్టు కట్టించుకుని కూర్చున్న నిన్ను అందరి ముందూ "నీది స్టీరింగు పట్టే సెయ్యి కాదురా" అన్నాను. కట్టు విప్పిన వారానికే నువ్వు రేణిగుంటలో రైలెక్కావు. ప్లాట్‌ఫారం మీద నిలబడి కూడా నేను నిజం చెప్పలేదు. తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

మూడు చక్రాల మీద పోతున్న కారును జనం వైపు పోకుండా ఇసుకలోకి తిప్పావు. నేనైతే తిప్పలేను. నీ చెయ్యి మంచిది.

నిన్న రాజారత్నాన్నీ, నిన్ను ఆ మాట అన్నప్పుడు పుత్తూరులో ఉన్న మిగతావాళ్ళనూ షెడ్డుకు పిలిచి అంతా చెప్పేశాను. రాజారత్నం నా మొహం చూడకుండానే "మాకెందుకప్పా చెప్పేది, ముందు వాడికి రాయి" అని లేచిపోయాడు.

మొన్న శుక్రవారం హెరాల్డ్ చక్రాలకు బొట్టు పెట్టాను. పెట్టి, ఆ కుంకుమ మీదే స్పానర్ వేసి నట్లన్నీ బిగించాను. వేళ్ళు ఎర్రబడ్డాయి, అంతే.

నా మీద కోపం తీరినప్పుడే రా, తొందరపెట్టను. ఈ జాబు చదివిన రోజే మాత్రం ఆ స్కూటరెక్కు.

ఇట్లు,
నీ అన్న,
మునిరత్నం.