అఖిల గోలి ఆపేశారు

బెంగళూరు,
ఆదివారం మధ్యాహ్నం

అక్కా,

ముందుగా నీ కాళ్లకు మొక్కుతున్నాను. నువ్వు, బావ, అవ్వ కులాసాగా ఉన్నారనుకుంటాను. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? మరిపెడలో వానలు పడ్డాయా? మేమూ బాగున్నామని రాయాలనే ఉంది, కానీ నీకు అబద్ధం రాయలేను. ఫోన్ చేస్తే ఈ ఒక్క గదిలో నా బిడ్డ అఖిల వింటుంది. అందుకే ఉత్తరం.

బట్టల కంపెనీలో కాలర్లు కుడుతున్నాను. ఇక్కడ ఎప్పుడూ చల్లగాలి, సాంబారు కూడా తియ్యగా ఉంటుంది. మనసు విప్పి మాట్లాడదామంటే భాష రాదు. అన్నీ ఓర్చుకున్నాను.

అఖిల చెంపలో పుట్టుకతోనే రక్తనాళాలు చిక్కుపడి ఉన్నాయని నీకు తెలుసు. ఆపరేషన్ చేయించినా మళ్లీ పెరిగింది కదా. ఆ నాళాల్లో ఒక జన్యువు చెడిందని, అదే వాటిని ఆగకుండా పెంచుతోందని తెలుగు వచ్చిన ఇక్కడి డాక్టరమ్మ చెప్పింది. దాన్ని అణచే గోలి ఒకటి క్యాన్సర్‌కు వాడతారట. ఈ జబ్బుకూ పనికొస్తుందేమోనని పరీక్షిస్తూ, అందులో మన పిల్లను చేర్చుకున్నారు.

పనిచేసింది అక్కా! చెంపలో ఎప్పుడూ నాడిలా ఉండే ఆ కొట్టుకోవడం తగ్గింది. రాత్రిళ్లు చిగుళ్ల నుంచి కారే నెత్తురు ఆగింది. దిండు మీద మరక లేదని అఖిల పొద్దున్నే నన్ను లేపి చూపించింది.

పోయిన వారం అఖిల చాయ్ గ్లాసులో కాక పక్కన పోసింది.

"ఏమైంది బిడ్డా?" అన్నాను.

"మసక మసక కనబడ్తుందే అమ్మా. డాక్టర్‌కు జెప్పకు, గోలి బంద్ వెడ్తరు."

"కండ్లు పోతే ఎట్ల?"

"సగం పోయినా మంచిదే. మూతికి గుడ్డ అడ్డం పెట్టుకోకుంట కాలేజికి పోత."

అయినా మరునాడు వెళ్లి డాక్టరమ్మకు చెప్పేశాను. గోలి వల్లే కంటి వెనక నీరు చేరిందని వెంటనే మందు ఆపేశారు. డాక్టరమ్మ కాళ్లు పట్టుకున్నాను.

"జర తక్కువనన్న ఇయ్యుండ్రి మేడం."

"ఇంకా పరీక్షలో ఉన్న మందమ్మా. చూపు ముందు బాగుపడనివ్వండి. మళ్లీ ఇవ్వగలమో లేదో ఇప్పుడే చెప్పలేను" అంది.

చూపు తేటపడుతోంది. చెంప మాత్రం మళ్లీ కొట్టుకుంటోంది. "నా గోలి నువ్వే గుంజుకున్నవ్" అని ఒక్కమాట అని అఖిల నాతో మాట్లాడటం మానేసింది. చెప్పి తప్పు చేశానా అక్కా? చెప్పకుంటే తల్లినేనా? ఎటూ తోచడం లేదు. నువ్వైనా దానికి ఫోన్ చెయ్యి. కారం ముట్టలేకపోతోంది, మెత్తగా గటక వండి పెడతాను, మక్కజొన్న రవ్వ పంపు.

ఇది రాస్తుండగానే అఖిల లేచి వచ్చింది. నోటినిండా నెత్తురు. నా ముందు కూర్చుని నోరు తెరిచింది. ఎడమ చేత్తో దూది ఒత్తిపట్టి, కుడి చేత్తో రాస్తున్నాను. అవ్వను దీని పేరు తలుచుకుని దీవించమను. బావకు నమస్కారాలు చెప్పు. దీని చెయ్యి నా మోకాలి మీద ఉంది, కదలలేను.

నీ చెల్లెలు,
సుజాత